నాడె మూతి నావ

జలపతికి బామ్మర్ది మీద కడుపుమంట ఎట్ల మొదలైందో చెప్పాలంటే, ముందుగాల పసుపు తెడ్డు సంగతి చెప్పాలె.

వెల్గటూర్ దిక్కు గోదావరి మీద గంగపుత్రుల రేవు ఒకటుండె. ఏటా ఆషాఢంల కొత్తనీళ్లు రాంగనే రేవుల ఉన్న నావలన్నీ ఒక్కపారే బయలెల్లుతయి. ఒక్కో నావల ఒక్కో ఇంటి గంగమ్మ బోనం. బోనం ఒరుగకుంట, తొణుకకుంట, అవతలి ఒడ్డుకున్న గంగమ్మ గుండురాయిని ఏ నావ ముందుగాల ముట్టుకుంటదో ఆ ఇంటి గడపకు పసుపు రాసిన తెడ్డు కడ్తరు. ఇగ ఏడాదంత రేవు వాళ్లదే. పెండ్లోళ్లు దాటాలన్నా, అంగడికి పొయ్యేటోళ్లు దాటాలన్నా ఆ నావనే ముందుగాల పిలువాలె. అన్నిటికన్న పెద్ద ముచ్చటేందంటే, నలుగురు కూసున్న కాడ ఆ ఇంటాయన మాట మొదటి మాట.

ఆ తెడ్డు పదకొండేండ్లసంది జలపతి గడపకే ఉండె. అంతకుముందు వాళ్ల నాయిన గడపకు ఉండె. జలపతి రోజు పొద్దుగాల లేవంగనే మొఖమన్న కడుక్కుంటడో లేదో గని, తెడ్డును ఒకపారి ముట్టుకోకుంట గడప దాటడు. ఆయన నావ వాళ్ల నాయిన చేసిన నావ. వెడల్పు కడుపు, పలకల అడుగు, మొద్దు మూతి. పది మేకలు, ఇద్దరు ముసలోళ్లు, ఒక సైకిలు ఎక్కినా కదలది మెదలది. నావ అంటే గట్లుండాలె అని జలపతి లెక్క. నావను అంటే ఆయన్ను అన్నట్టే.

గసుంటి టైముల ఆయన బామ్మర్ది ఓదెలు సిరిసిల్ల నుంచి వాపసు అచ్చిండు. ఓదెలు అంటే జలపతి పెండ్లాం రుక్కమ్మకు సొంత తమ్ముడు. చేపలు దొరుకని ఏడు కడుపు చేత పట్టుకోని సిరిసిల్లకు పోయి, పదేండ్లు మగ్గాల మీద పనిజేసిండు. అక్కడ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బందు పడంగనే పెండ్లాం సరోజనను, ఆమె బీడీల చాటను ఎంట వెట్టుకోని రేవుకే తిరిగచ్చిండు. ఎనభై ఆరో సంవత్సరం గది. అన్నల కాలం. అవతలి ఒడ్డు అడవిల దళాలు, ఇవతలి ఒడ్డున పోలీసోళ్ల క్యాంపు, నడుమ ఈ రేవు.

అచ్చినోడు ఏదన్న పాత నావ కొనుక్కోని వలేసుకోని బతుకచ్చు కదా. ఊహూ. కోరుట్ల నుంచి టేకు పలకలు తెచ్చి, ఇంటి ముంగట ఏసుకోని, కొత్త నావకు మొదలుపెట్టిండు. పెద్దోడని జలపతిని అడుగుడు మాత్రం అడిగిండు. అడుగు ఎంత వెడల్పు పెట్టాలె బావా అని. జలపతి చేతులు రెండు బార్ల చాపి చూపెట్టిండు. ఓదెలు సరే సరే అని తలూపి, తెల్లారి చూస్తే అండ్ల సగం వెడల్పు కూడ లేకుంట గీత గీసుకున్నడు. పొడుగేమో రేవుల ఉన్న ఏ నావకన్నా ఎక్కువ. రెండు దిక్కుల మూతులు సన్నగ, మొన దేలి ఉన్నయి.

జలపతికి నవ్వచ్చింది. ఇదేంది బామ్మర్ది, నావనా, అరుగు మీద పండవెట్టే గుమ్మిడికాయ ముక్కనా అన్నడు. అందరు నవ్విన్రు. ఓదెలు కూడ నవ్వి, సంచిల నుంచి ఒక నాడె తీసి చూపెట్టిండు. నాడె అంటే మగ్గం మీద దారం మోసుకోని అటిటు ఉరికే కట్టె. రెండు దిక్కుల మొన, నడుమ కడుపు. పదేండ్లు రోజుకు ఎన్ని వేల పార్లు ఇది ఉరుకుతుంటే చూసిన బావా, ఇది గుండ్రంగ ఉంటే ఉరుకునా అన్నడు.

నాడె ఉరికేది దారాల మీద, నీళ్ల మీద కాదురా పిచ్చోడా అని జలపతి అందరి ముంగట గట్టిగనే జవాబిచ్చిండు. అందరు మళ్ల నవ్విన్రు. అప్పటికి జలపతి మనసు చల్లగనే ఉంది.

మనసు మండింది కట్టెపుల్ల కాడ. ఒకనాడు పొద్దుగాల జలపతి రేవుకు పోయేటాల్లకు, మోకాళ్ల దాక నీళ్లల్ల ఓదెలు, రుక్కమ్మ నిలవడి ఉన్నరు. రుక్కమ్మ చేతిల మూరెడు పుల్ల. పుల్లను సరీగ నడుమ పట్టుకుంది. ఆ కొసకొక దారం, ఈ కొసకొక దారం. ఒక దారానికి నాడె, ఇంకో దారానికి మొద్దు మూతి చెక్క ముక్క. రెండు ఒక్కటే బరువట, తూచి చెక్కిండట. రుక్కమ్మ నీళ్లల్ల ముంగటికి నడిచింది. నడుస్తుంటే పుల్ల దానంతటదే తిరిగింది. చెక్క ముక్క కట్టిన కొస ఎనుకకు గుంజుకుపోయింది, నాడె కట్టిన కొస ముంగటికి అచ్చింది. రుక్కమ్మ చిన్నపిల్ల లెక్క నవ్వింది. జలపతి పెండ్లాం గట్ల నవ్వంగ చూసి ఎన్నేండ్లయిందో ఆయనకే యాదికి లేదు.

ఓదెలు ఇగ చెప్పవట్టిండు. వెడల్పు మూతి నీళ్లను నెడ్తది అక్కా, నెట్టిన నీళ్లు ఎటు పోతయి, ముంగట లేస్తయి, ఇగ మనిషి సత్తువంత ఆ లేచిన నీళ్లను ఎక్కుడుకే పోతది. సన్నది నీళ్లను చీరుకుంట పోతది. పొడుగుంటే ఇంకా మంచిది, ముంగట లేచిన నీళ్లు ఎనుకకు పొయ్యేటాల్లకు నావ దాని మీద పండుకోని ఉంటది. రుక్కమ్మ అన్నిటికి అవునా తమ్మీ, అవునా తమ్మీ అన్నది. ఆ చెక్క ముక్క ఎవల నావ లెక్క ఉందో అక్కడ ఎవ్వలు అనలేదు. అనే అవసరం కూడ లేదు.

ఆ రోజు పగటీలి, ఊరంత అన్నాలు తిని కునుకు తీస్తున్నప్పుడు, జలపతి ఒక్కడే రేవు కిందికి పోయిండు. తుమ్మ కొమ్మ ఇరిచి పుల్ల చేసిండు. చెక్క ముక్క చెక్కిండు. బామ్మర్ది మర్చిపోయిన నాడె ఒకటి ఇంట్ల దొరికితే అది కూడ పట్టుకపోయిండు. నీళ్లల్ల నడిచిండు. పుల్ల తిరిగింది. దారాలు మార్చి కట్టిండు. మళ్ల తిరిగింది. చెక్క ముక్కను ఇంత సన్నగ చెక్కి చూసిండు, అప్పుడు జెర తక్కువ తిరిగింది. ఇంత పొడుగుది చెక్కిండు, ఇంకా తక్కువ. ఎంతసేపు చూసినా నీళ్లు ఓదెలు మాటనే మాట్లాడుతున్నయి. జలపతికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పుల్లను పటపట ఇరిచి గోదాట్లకు ఇసిరి కొట్టిండు.

మరి తన నావ మూతి మార్చుకోవచ్చు కదా అంటరు. ఎట్ల మారుస్తడు? మారిస్తే ఓదెలు చెప్పింది నిజమని ఊరందరికి చాటినట్టు కాదా? నాయిన చేసిన అడుగు మీద చెయ్యి వేసినట్టు కాదా? పైంగ జలపతికి ఒక ఆశ ఉండె. సన్న నావ ఊగుతది. ఊగితే బోనం ఒరుగుతది. బోనం ఒరిగినోడికి తెడ్డు రాదు. నెల రోజులు రేవుల కనవడ్డోనికల్ల గదే చెప్పిండు. అది నావ కాదు నాడె, ముగ్గురెక్కితే బోర్లపడ్తది, పోరగాండ్ల ఆట అని. చెప్పిందే చెప్పి చెప్పి, ఆ మాట ఆయన నోటికి పాటమైంది.

కొత్తనీళ్లచ్చినయి. ఏడు నావలు బయలెల్లినయి. జలపతి నావల తోడు తెడ్డు హన్మండ్లుది, ఓదెలు నావల ముత్యంది. నావ నడుమ అడుగుల సరోజన కూసోని బోనాన్ని రెండు చేతుల ఒడిసి పట్టుకుంది. నీళ్లు ఎర్రగ, మీదికి మీదికి అస్తున్నయి. సగం గోదావరి దాక జలపతి చూపు తన తెడ్డు మీద లేదు, పక్క నావ బోనం మీదనే ఉంది. ఊగాలె, ఊగాలె అనుకుంట తెడ్డేసిండు. ఊగింది. నిజంగనే ఊగింది. సరోజన ఇటు ఒరిగితే నావ ఇటు ఒరిగింది. కాని ఆమె బోనం మాత్రం ఒరుగలేదు. సగం దాటినంక ఓదెలు నావ చప్పుడు లేకుంట ముంగటికి పోయింది. జలపతి నావ ముంగట తెల్లగ నురుగు లేసింది, ఎంత బలంగ తెడ్డేస్తే అంత ఎత్తు లేసింది. రెట్టలు తెగిపోతున్నయి గని నావ నురుగును దాటది. అవతలి ఒడ్డుకు పోయేటాల్లకు ఓదెలు గుండును ముట్టి, కూసోని, చుట్ట ముట్టిచ్చి సగం తాగిండు.

పసుపు తెడ్డు ఓదెలు గడపకు కట్టిన్రు.

ఓదెలు మంచోడే, గది ఇంకో కష్టం. సాయంత్రం బావ ఇంటికచ్చి, తెడ్డు నీ గడపకే ఉంచుదాం బావా, నాకెందుకు అన్నడు. అది విని జలపతికి అరికాలి మంట నెత్తికెక్కింది. గెలిచినోడు తెడ్డు తీసుకపోతే ఒక మంట, గెలిచినోడు దానమిస్తనంటే పది మంటలు. నీ బిచ్చం నాకెందుకురా అని తలుపేసుకున్నడు. రుక్కమ్మ తమ్ముని కోసమని బొచ్చె చేప కూర వండి పెట్టుకుంది. ఆ కూర జలపతి ముట్టలేదు.

ఇగ ఆ నాటిసంది జలపతికి వేరే పని లేదు. ఓదెలు నావను చూసుడే పని. ఎప్పుడు పోయింది, ఎవలను ఎక్కిచ్చుకుంది, ఎంత సేపట్ల అచ్చింది. పెండ్లోళ్లు రేవుకచ్చి, జలపతి ముంగటికెళ్లే నడిచి, ఓదెలు ఏడి అని అడుగుతుంటే చూసుడు. ముసలి ఎల్లవ్వ, జలపతిని చిన్నప్పటిసంది ఎత్తుకోని పెంచినామె, బిడ్డా ఓదెలు నావల కూసుంటే కూసున్నట్టే ఉండది, అప్పుడే అవతలి ఒడ్డు అని సంబురంగ చెప్తే వినుడు. ఊకో అవ్వా అని అనలేడు, అవునవ్వా అని కూడ అనలేడు.

గంతగనం చూస్తుండు కాబట్టే, ఎవ్వలకు కనవడనిది ఆయనకు కనవడ్డది. అప్పటికి పోలీసోళ్లు పొద్దు గూకినంక నావలు దాటద్దని, గుంజలకు కట్టేయాలని హుకుం పెట్టిన్రు. ఓదెలు తన నావను సాలెమగ్గం ముడితోని కడ్తడు. తెగిన దారాన్ని అతికే ముడి, చిన్నగ, చదునుగ ఉంటది. పదేండ్ల అలవాటు కదా, చేతులు వేరే ముడి వెయ్యయి. ఒకనాడు పొద్దుగాల జలపతి చూస్తే ఆ గుంజకు పశువులను కట్టే ముడి ఉంది. ఓదెలు వేసిన ముడి కాదది. పైంగ నావ లోపలి పలకలన్ని తడిగున్నయి.

జలపతికి సమజైంది. అన్నలు దాటిన్రు. వాళ్లచ్చి నావ కావాలంటే వద్దనే మొగోడు ఏ రేవుల లేడు, ఆ మాట జలపతికి తెలుసు. అయినా ఆయన గుండెల ఏదో సంబురం అసుంటిది లేసింది. రెండు రోజులకే ముచ్చట బయటికచ్చింది. తెల్లారగట్ల దళమొకటి నావల దాటుతుంటే పోలీసోళ్ల జీపు ఒడ్డెంబడి ఉరికిందట, కాలువ మలుపు దాక ఉరికినా నావను అందుకోలేదట. అంత జోరుగ పొయ్యే నావ ఏ రేవుదో ఎతుకుతున్నరట.

ఒక్క మాట. ఒక్క మాట చెప్తే చాలు. ఓదెలు నావ ఉండది, పసుపు తెడ్డు మళ్ల తన గడపకే అస్తది. జలపతి ఆ రోజంత ఆ మాటను నోట్ల తిప్పుకుంట తిరిగిండు. క్యాంపు దాక పొయ్యేదుంటే ఎవలన్న చూస్తరు. వాళ్లే రానీ, అడగనీ, అడిగితే చెప్తే తప్పేముంది అనుకున్నడు. తన పెండ్లాం తమ్ముడని మనసు గుచ్చింది. గుచ్చితే గుచ్చనీ అనుకున్నడు.

వాళ్లే అచ్చిన్రు. మరునాడు పొద్దుగాల ఎస్సై, ఎనమండుగురు పోలీసోళ్లు రేవుల దిగిన్రు. ఊరందరిని ఒడ్డు మీదికి పిలిచిన్రు. ఏడు నావలను ఒడ్డుకు గుంజిచ్చి వరుసగ పెట్టిచ్చిన్రు. ఎస్సై ఒక్కటే మాట అడిగిండు. ఈ రేవుల అన్నిటికన్న జోరుగ పొయ్యే నావ ఏదని.

ఎవ్వలు నోరు మెదపలేదు. ఓదెలు మొఖం బూడిదైంది. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్సై వరుసంత చూసి, నెరిసిన మీసాలు చూసి జలపతి ముంగటికచ్చి నిలవడ్డడు. పెద్దమనిషివి, నువ్వు చెప్పు అన్నడు.

జలపతి నోరు తెరిచిండు. మాట నాలిక మీదనే ఉంది, నిన్నటిసంది ఉంది. ఓదెలుది సారూ. గంతే. కాని తెరిచినంక ఆయనకు ఎరుకైంది, ఆ మాట చెప్తే ఇంకో మాట చెప్పినట్టు. ఓదెలు నావ నా నావకన్న జోరు అని చెప్పినట్టు. ఊరందరి ముంగట. హన్మండ్లు ముంగట, ముత్యం ముంగట, ఎల్లవ్వ ముంగట. ఆడోళ్లల్ల నిలవడి తన దిక్కే చూస్తున్న రుక్కమ్మ ముంగట. తన నోటితోని, తనే. ఆ మాట మింగుదామంటే పోదు, కక్కుదామంటే రాదు.

"నాదే సారూ" అన్నడు.

ఎస్సై ఆ నావ దిక్కు చూసిండు. మేక పెంటికలు, వెడల్పు కడుపు, మొద్దు మూతి. చూసి నవ్విండు.

"ఇదా? దీంట్ల మేకలు దాటుతయి గని మనుషులు తప్పిచ్చుకుంటరా?"

ఆ నవ్వు చూడంగనే జలపతికి ఒళ్లు తెలువలేదు. అప్పటిదాక నోరు జారిందేమో, ఇప్పుడు కావాలనే తెరిచిండు. పదకొండేండ్లు పసుపు తెడ్డు నా గడపకుండె సారూ, మా నాయిన చేసిన నావ, గోదాట్ల దీన్ని మించింది లేదు, కావాలంటే అడుగుండ్రి అన్నడు. ఎస్సై కొసకున్న సన్న నావను కట్టెతోని చూపెట్టి, మరి అదేందని అడిగిండు.

"అది నావనా సారూ? నాడె. మగ్గాలు నడిపినోడు చేసిండు. ముగ్గురెక్కితే బోర్లపడ్తది, పోరగాండ్ల ఆట."

నెల రోజులు పాటం చేసిన మాట కదా, గడగడ అచ్చింది. చెప్పిన తీరుల అబద్ధం ఇసుమంత లేదు, ఎందుకంటే ఆయన కడుపుల ఉన్నదే చెప్పిండు. ఒక పోలీసాయన ఆ నావను నీళ్లల్లకు నూకి అంచు మీద కాలు పెట్టిండు. నావ ఒరిగింది, పోలీసాయన మోకాళ్ల దాక నీళ్లల్ల పడ్డడు. పోలీసోళ్లంత నవ్విన్రు. ఎస్సై ఇగ ఆ నావ దిక్కు చూడలేదు.

నోటితోని ఒప్పుకున్నోడు ఒక్కడన్న దొరికిండు కదా అని, గొడ్డలి తెప్పిచ్చి జలపతి నావ అడుగు కొట్టిచ్చిండు. పాత టేకు, జల్ది పగుల లేదు. ఒక్కో దెబ్బకు జలపతి దవడలు బిగవట్టిండు. నాయిన వేసిన పలకలు పగిలి ఊడిపోయినంక ఆయన్ను జీపుల ఎక్కిచ్చుకపోయిన్రు. రుక్కమ్మ జీపెంట ఉరికి దుబ్బల పడ్డది.

తొమ్మిదొద్దులు లోపల ఉంచిన్రు. అక్కడేమైందో జలపతి ఎవ్వలకు చెప్పలేదు. ఎవలను దాటిచ్చినవని అడిగిన్రు, తెలిస్తే కదా చెప్పేది. పదో దినం ఎస్సై బదిలయి పోయిండట, కొత్తగచ్చినాయన నావ సంగతి విని, మేకల నావనా అని నవ్వి పొమ్మన్నడు. బయటికచ్చేటాల్లకు ఎడమ మోకాలు మడుసుకపోయింది. ఓదెలే జగిత్యాల దవాఖానకు తీసుకపోయి పట్టీ కట్టిచ్చి, బస్సుల ఒళ్లె కూసోవెట్టుకున్నట్టు తెచ్చిండు.

రేవుల దిగంగనే ఊరంత ఎదురచ్చింది. ఓదెలు అందరి ముంగట బావ కాళ్ల మీద పడ్డడు. నా పానం నిలవెట్టినవ్ బావా, నీ నావను బలిచ్చి నా ఇల్లు నిలవెట్టినవ్ అని ఏడ్చిండు. సరోజన ఏడ్చింది. ఎల్లవ్వ రెండు చేతుల మొఖం తడిమి, మెటికలిరిసింది. హన్మండ్లు అయితే అసుంటి మనిషి ఈ గోదావరి పొడుగునా లేడన్నడు. జలపతి కాదయ్యా, అట్ల కాదయ్యా అన్నడు. ఎంత కాదంటే అంత పెద్దమనిషైండు. ఇంటికి పోతే, ఓదెలు తన గడప నుంచి విప్పి తెచ్చిన పసుపు తెడ్డు ఆయన గడపకు కట్టి ఉంది. రోజు ముట్టుకునే చెయ్యి ఆ రోజు ముంగటికి పోలేదు.

నాలుగొద్దులు అట్లనే గడిచినయి. వచ్చినోళ్లల్ల సగం మంది దండం పెట్టి పోయిన్రు. ఐదో రోజు పగటీలి రుక్కమ్మ మోకాలికి కాపడం పెడ్తుంటే జలపతి ఆగలేకపొయిండు. నేను వాణ్ణి కాపాడాలని చెప్పలేదే, వాని పేరే చెప్పుదామనుకున్న, నోరు రాలేదు అన్నడు. చెప్పి, కొడ్తదేమో, తిడ్తదేమో అని తల దించుకున్నడు.

రుక్కమ్మ బట్ట పిండి మళ్ల మోకాలి మీద పెట్టింది.

"నాకు ఎరుకే. నువ్వు నోరు తెరిచినప్పుడు నీ మొఖమే చూస్తున్న గద. ముప్పై ఏండ్ల కాపురం చేసిన, నీ మొఖం నాకు తెల్వదా?"

"మరి ఊకున్నవేందే?"

"నా తమ్ముడు బతికిండు. నువ్వు అచ్చినవ్. ఊరు ఏమనుకుంటే నాకేంది." గొంతు సన్నగ చేసి అన్నది. "వాని పేరు చెప్పి ఉంటే మాత్రం, నీ మోకాలు మంచిగనే ఉండేది, ఈ ఇంట్ల నేనే ఉండకపోయేదాన్ని."

జలపతి లేచి, కట్టె ఊతంగ పట్టుకోని, గడపకున్న తెడ్డు విప్పిండు. కుంటుకుంట ఓదెలు ఇంటి దిక్కు నడిచిండు. ఎనుక రుక్కమ్మ నడిచింది. ముందుగాల హన్మండ్లు, ఆయనెంట ముత్యం, ఇంకో నలుగురు ఏమైందో అని ఎంటబడ్డరు. ఓదెలు ఇంటి ముంగట కొత్త టేకు పలకలు వరుసగ పెట్టి ఉన్నయి. బావకు నావ చేద్దామని తెచ్చిండు. వెడల్పు అడుగుకు గీత కూడ గీసిండు, బావ రెండు బార్ల చాపి చూపెట్టిన లెక్కన్నే, ఒక్క ఇంచు తగ్గియ్యలేదు.

జలపతి ఆ గీతను చూసిండు. తెడ్డును ఓదెలు గడపకు ఆనిచ్చిండు. అందరు నిలవడ్డరు. ఆయన పెదవులు రెండు మూడు పార్లు కదిలినయి. మెడ నరాలు ఉబ్బినయి. పోలీసోళ్ల కాడ కూడ గంత కష్టం కాలేదేమో.

"నీ నావ నా నావకన్న జోరురా ఓదెలూ" అన్నడు.

గంతే, చెప్పేసిండు. ఆకాశం ఏం ఇరిగి పడలేదు. హన్మండ్లు చూసిన్రా ఎంత మనసు అన్నడు, జలపతికి చెంప మీద కొట్టాలనిపిచ్చింది గని ఊకున్నడు. ఓదెలు కండ్లు తుడుసుకోని, అయితే ఈ గీత చెరిపేద్దునా బావా, నాదాని లెక్కనే సన్నగ చేద్దునా అని అడిగిండు.

జలపతి మెల్లగ ఒంగి, మోకాలు పట్టుకోని, పలకల పక్కన కూసున్నడు. తుమ్మ పుల్ల, దారాలు, చెక్కి చెక్కి చూసిన ముక్కలన్నీ కండ్ల ముంగట తిరిగినయి. ఏ ముక్క పుల్లను తక్కువ తిప్పిందో ఆయనకు బాగ యాదికుంది. అరచేతితోని గీతను చెరిపిండు. పలక కొసన మోచెయ్యి ఆనిచ్చి, వేళ్లు చాపి కొలిచి చూపెట్టిండు.

"సన్నగనే చెయ్యి. నీదాని కన్న ఒక మూర పొడుగు పెట్టు."

ఎనుక రుక్కమ్మ నవ్వాపలేక కొంగు నోటికడ్డం పెట్టుకోని మొఖం అటు తిప్పుకుంది.